నూనె తాగిన గిటారు

గిటారు ఫ్రెట్‌బోర్డుకు నూనె ఎంత పట్టించాలి అని అడిగే కుర్రాళ్ళను చూస్తే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత జవాబు వస్తుంది. రిటైరై ఇంట్లో కూర్చున్నా నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. చేతిలో ఫోను, ఫోనులో వీడియో, ఆ వీడియోలో ఎవడో తెల్లటి గదిలో కూర్చుని సీసా వంచి ధారగా పోస్తుంటాడు. నాయనలారా, అది చెక్క, గారె కాదు. గిటారు మెడ మీద మీరు వేళ్ళతో నొక్కే పట్టీ అది. తంతులు విప్పి, మురికి గీకి, మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడవాలి. తర్వాత పొడి గుడ్డతో ఆ రెండు చుక్కలు కూడా లాగేయాలి. ఇంతకు మించి ఈ పనిలో రహస్యమేమీ లేదు.

ఇంత చిన్న సంగతికి అంత గొంతెందుకు చించుకుంటావని మా ఇంటావిడ కూడా అడుగుతుంది. దానికి కారణం ఒక చర్చి గిటారు. రిటైరయ్యే ముందు నా చేతిలోకి వచ్చిన పెద్ద పనుల్లో అదొకటి. చెప్తాను, వినండి. మధ్యలో ఫోను చూసుకునేవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు.

గుంటూరులో ఒక వాయిద్యాల కొట్టు వెనక గదిలో నా ఉద్యోగమంతా గడిచింది. ముందు గదిలో ఓనరు అమ్మేవాడు. వెనక గదిలో ఇద్దరం బాగుచేసేవాళ్ళం. గిటార్లు నావి. హార్మోనియాలు, డోలక్కులు ఇంకొకాయనవి. ఆయన నాకంటే పెద్దవాడు, నాకంటే ముందు చేరినవాడు. దేవుడు ఆయనకు కోపం ఇవ్వడం మర్చిపోయి, ఆయన వాటా కూడా తెచ్చి నాకే పెట్టినట్టున్నాడు. నేను ఎవరి మీదైనా ఎగిరినప్పుడల్లా ఆయన హార్మోనియం తిత్తిలో తల దూర్చి నవ్వుకునేవాడు.

అవి మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజులు. గుంటూరులో గాలి కూడా ఘాటుగా ఉంటుందప్పుడు. ప్రత్తిపాడు దాటాక ఉన్న ఒక ఊరి నుంచి సంఘపెద్ద ఒకాయన కారులో వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతికి బంగారు గడియారం. గిటారు పెట్టె నా బల్ల మీద పెట్టి మూత తీశాడు. మూత లేవగానే హార్మోనియం ఆయన తుమ్మాడు, వెంటనే నేనూ తుమ్మాను.

"చూశావా సాయిబూ? వాసన చూశావా?" అన్నాడు పెద్దాయన, దొంగను పట్టించినవాడిలా.

"కారమండి."

"కారమే! మా చర్చిలో గిటారు వాయించే ఆమె కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కోతలప్పుడు చేలోకీ పోతది. ఆ చేతులతోనే వచ్చి దీన్ని పట్టుకుంటది. పోయిన ఆదివారం మా మేనల్లుడు వాయిద్దామని తీశాడు. బెజవాడలో నేర్చుకొచ్చాడులే. పాట మధ్యలో చెమట పట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకేముంది, కళ్ళు మండి పిల్లాడు గంతులేశాడు. సంఘమంతా నవ్వింది."

నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మేనల్లుడికి పెళ్ళీడు దాటుతోందని తర్వాత తెలిసింది. ఆయన నోట్లో మాత్రం ఇంకా పిల్లాడే.

"బాగుచెయ్. చేసి, మట్టల ఆదివారం నువ్వే తీసుకురా. ఆమె చేతుల వల్లే పాడైందని అందరి ముందూ చెప్పు. నేను చెప్తే పగ అంటారు. మెకానిక్కు చెప్తే వింటారు. ఆ రోజు నుంచి గిటారు మా వాడికిచ్చేస్తాం."

అంటే తీర్పు ముందే అయిపోయింది, సాక్షి కోసం వచ్చాడన్నమాట. ఒళ్ళు మండింది. అయినా చెక్క ఏమంటుందో చూడకుండా మాట్లాడకూడదని ఊరుకున్నాను. ఆయన వెళ్ళాక తంతులు విప్పి చూశాను.

మీరు ఆ ఫ్రెట్‌బోర్డు చూసి ఉంటే ఏడ్చేవాళ్ళు. మంచి రోజ్‌వుడ్. పొడిగా, నునుపుగా, వేలికి చల్లగా తగలాల్సిన చెక్క. అది కాస్తా నల్లగా, జిడ్డుగా, గోరు పెడితే గుంట పడేటంత మెత్తగా అయిపోయింది. అడ్డంగా కొట్టిన ఫ్రెట్లు, అంటే ఆ సన్నటి లోహపు పట్టీలు, పట్టు వదిలి చివర్లు పైకి లేచాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కారం వాసన కింద ఇంకో వాసన. కనరెక్కిన వేరుశనగ నూనె వాసన. చేతుల జిడ్డుతో ఏ చెక్కా అలా తయారవదు. ఎవరో పనిగట్టుకుని పోశారు, అదీ చాలాకాలంగా.

ఎవరు పోశారో ఆ గిటారు వాయించే ఆమే చెప్పింది. నేను అడగలేదు. తనంతట తానే మా కొట్టుకి వచ్చింది. మిర్చి యార్డు పని మీద గుంటూరు వచ్చిందట. టిఫిన్ క్యారియర్ చేతిలో పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విప్పి, వెనక గదిలోకి తొంగి చూసింది. ముప్పై దాటిన మనిషి. బల్ల మీద తంతులు లేని గిటారును చూసి అక్కడే ఆగిపోయింది.

"బాబాయ్, ఇది మా చర్చిది. నేనే వాయిస్తా."

"రామ్మా, కూచో."

కూర్చోలేదు. "నిజంగా నా చేతుల వల్లే పాడైందా? అట్టాగైతే చెప్పు బాబాయ్, నేనిక ముట్టుకోను. నేను పనైనాక రోజూ కడుక్కుంటన్నా. సబ్బెట్టి, చింతపండెట్టి, రాయేసి కూడా రుద్దుతన్నా. ఇంకెట్టా కడగాలో తెలీట్లా" అంది.

చేతులు చాపి చూపించింది. అరచేతుల్లో తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. కారం వల్ల కొంత, కడిగి కడిగి కొంత. ఆ మాట అనేటప్పుడు ఆమెకు కోపం లేదు. ఆమె నమ్మేసింది! తన చేతులే తప్పు చేశాయని ఒప్పేసుకుని, ఎలా శుభ్రం కావాలో నన్ను అడుగుతోంది. పెద్దాయన మాటలకు నాకు ఒళ్ళు మండితే, ఆమె మాటలకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ చేతులు కాదమ్మా. దీనికి నూనె పోసేదెవరు?" అన్నాను. గట్టిగా అన్నానేమో, ఉలిక్కిపడింది.

"పెద్దయ్యగారు బాబాయ్, దీన్ని ఇక్కడికి తెచ్చినాయనే. నెలకి మొదటి ఆదివారం వాయిద్యాలన్నిటికీ నూనె పోసి ప్రార్థన చేస్తారు. యెరూషలేము పోయినప్పుడు తెచ్చిన సీసా. డ్రమ్ముకి పోస్తారు, మైకుకి పోస్తారు. గిటారుకి ఇంకాస్త ఎక్కువ పోస్తారు, పొడుగుంటది గదా. కీబోర్డుకి కూడా పోశారు, అది అప్పుడే చచ్చిపోయింది."

హార్మోనియం ఆయన తిత్తిలో తల దూర్చాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఆ సీసా ఇంకా అయిపోలేదా?" అని అడిగాను.

"అయిపోయినప్పుడల్లా వాళ్ళింట్లో వంటనూనె నింపుతారు బాబాయ్. సీసా అదేగా."

ఆమె ఆ గిటారును పెళ్ళికి ముందు నుంచీ వాయిస్తోంది. అంతకు ముందున్న పాస్టరుగారి భార్య నేర్పించింది. సొంతంగా కొనుక్కునే తాహతు లేదు, ఇంట్లో అలాంటి ఆలోచనకు చోటూ లేదు. ఆరు రోజులు కాయల మధ్య కూర్చుని, ఏడో రోజు ఆరాధనలో పాస్టరుగారు ప్రసంగించే పుల్‌పిట్ పక్కన నిలబడి వాయించేది. ఆ ఒక్క పూట కోసమే వారమంతా ఈడుస్తానని నవ్వుతూ చెప్పింది. అది పోతే ఇంకెక్కడా లేదు ఆమెకు. ఇదీ అక్కడ పణంగా ఉన్న సంగతి. పెద్దాయనకు మేనల్లుడి ముచ్చట, ఆమెకు ఉన్న ఒకే ఒక్క పూట.

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. పొడి చెక్క మీద కారం నిలవదు, గుడ్డతో తుడిస్తే పోతుంది. నూనె తాగిన చెక్క అయితే కారాన్ని పట్టి లోపల దాచుకుంటుంది. ముట్టుకున్నవాడికి ముట్టుకున్నట్టే అంటిస్తుంది. పచ్చడి జాడీ అయిపోయింది నీ గిటారు, అన్నాను. అప్పుడు నవ్వింది. నవ్వి, వెళ్ళేటప్పుడు, "ఆ మాట అక్కడ చెప్తావా బాబాయ్?" అంది.

చెప్తానన్నాను.

ఈ సంగతి ఓనరు చెవిన పడింది. ఓనరు చెడ్డవాడు కాదు, కానీ వ్యాపారి. ఆ చర్చికి కొత్త కీబోర్డు, స్పీకర్లు మా కొట్టు నుంచే వెళ్ళాలని ఆయన ఎదురుచూస్తున్నాడు. వెనక గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, "నువ్వు గిటారు బాగుచెయ్యి చాలు. ఊళ్ళని బాగుచెయ్యకు. ఆయన ఏం చెప్పమన్నాడో అది చెప్పి వచ్చెయ్" అన్నాడు.

"అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధం కాదయ్యా. కారముందా లేదా? ఉందిగా. ఉందని చెప్పు. నూనె సంగతి నిన్నెవరడిగారు?"

చూశారా, మనుషులు ఎంత తెలివిగా మాట్లాడతారో. సగం నిజం చెప్పించి పూర్తి అన్యాయం చేయించుకుంటారు. నేను కారాలు మిరియాలు నూరుతుంటే, ఓనరు వెళ్ళాక హార్మోనియం ఆయన నెమ్మదిగా అన్నాడు. "నువ్వు చెప్పేది నిజమేరా. కానీ నువ్వు చెబితే నిజం కూడా తిట్టులా వినపడుద్ది. అక్కడ జాగ్రత్త." ఆ మాటకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఎన్నోసార్లు తలుచుకున్నాను దాన్ని.

పని మొదలుపెట్టాను. మామూలుగా ఒక పూట పని. ఇది చాలా రోజులు తిన్నది. పైన పేరుకున్న మురికిని పాత ఫోను కార్డు అంచుతో గీకితే నల్లగా ముద్దలు ముద్దలుగా వచ్చింది. దాన్ని కాగితంలో పెట్టి మడిచి చెత్తలో వేశాను, వేసి పొరపాటున ముక్కు రుద్దుకున్నాను. ఆ మేనల్లుడి మీద కాస్త జాలి కలిగింది అప్పుడు. తర్వాత సుద్దపొడిని లైటర్లలో పోసే పెట్రోలుతో కలిపి చెక్క మీద మెత్తాను. అది ఆరుతూ లోపలి నూనెను పైకి లాక్కుంటుంది. పొద్దున మెత్తి సాయంత్రం దులిపితే సుద్ద పసుపుపచ్చగా మారి ఉండేది. మళ్ళీ మెత్తేవాడిని. ఎన్ని నెలల ప్రార్థనలు బయటికొచ్చాయో ఆ దేవుడికే తెలియాలి. సుద్ద తెల్లగా మిగిలిన రోజున ఆపి, లేచిన ఫ్రెట్లను కూర్చోబెట్టి, సన్నటి స్టీల్ వూలు పీచుతో పాలిష్ పట్టి, చివరికి నిమ్మనూనె రెండే రెండు చుక్కలతో తుడిచాను. చెక్క గోధుమరంగులో చారలు చారలుగా మెరిసింది. కొత్త తంతులు కట్టి మీటాను. హార్మోనియం ఆయన తన పని ఆపి విన్నాడు.

మట్టల ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. ఊరేగింపు అయిపోయి అందరూ చర్చిలోకి వస్తున్నారు. పిల్లల చేతుల్లో, ముసలివాళ్ళ చేతుల్లో కొబ్బరి మట్టలు, తాటి మట్టలు. ఆడవాళ్ళు చాలామంది కాయ కోతలకు పోయేవాళ్ళే. ఆమె పుల్‌పిట్ పక్కన లేదు. వెనక, గోడ దగ్గర నిలబడి ఉంది. ముందు వరసలో మేనల్లుడు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు మంచి మనిషే, కానీ పెద్దాయన మాటకు ఎదురు చెప్పలేని మనిషి. నన్ను చూసి నమస్కారం పెట్టి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూసి ఆయన మీదా కోపం వచ్చింది నాకు.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. చేతిలో ఆ సీసా. "మన గిటారు ఎట్టా పాడైందో గుంటూరు మెకానిక్కు సాయిబు చెప్తాడు. చెప్పు సాయిబూ."

నేను గిటారును గుడ్డలోంచి తీసి, అందరికీ కనిపించేలా పట్టుకున్నాను. "నూనె వల్ల పాడైందండి. చెక్కకు నూనె పోస్తే మెత్తబడుతుంది, కారాన్ని పట్టుకుంటుంది. ఆ అమ్మాయి చేతుల తప్పేమీ లేదు" అన్నాను. చాలా మర్యాదగానే అన్నాననుకున్నాను. మరి ఎలా వినపడిందో.

పెద్దాయన ముఖం ఎర్రబడింది. కాసేపే. తర్వాత మెల్లగా, అందరికీ వినిపించేలా అడిగాడు. "అంటే మా అభిషేక తైలం చెడ్డదంటావా సాయిబూ? మా గుళ్ళో నిలబడి మా ప్రార్థన నూనెని తప్పుబడతన్నావా?"

లోపల గుసగుసలు మొదలయ్యాయి. ఔనంటే ఇంకొకరి మతాన్ని నిందించినవాడిని. కాదంటే ఆమె చేతులను నిందించినవాడిని. జీవితమంతా నోరేసుకుని బతికినవాడిని, సరిగ్గా కావాల్సిన చోట నాకు మాట దొరకలేదు. హార్మోనియం ఆయన చెప్పింది ఇదే కదా అనిపించింది.

అప్పుడు వెనక నుంచి ఆమె నడుచుకుంటూ వచ్చింది.

"పెద్దయ్యగారూ, ఒక్క మాట. బాబాయి నూనె చెడ్డదన్లా. చెక్కకి వద్దన్నాడు" అంది. "చెక్కకేం నొప్పండీ? చేలో చేతులు మండుతుంటే మేము రాసుకునేది నూనేగా. ఆ నూనేదో నా చేతులకి పొయ్యండి. ప్రార్థన కూడా ఈటికే చెయ్యండి. వాయించేది ఇయ్యేగా."

రెండు అరచేతులూ చాపింది. తోలు లేచిన ఆ చేతులను సంఘమంతా చూసింది. పెద్దాయన సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పొయ్యడు, పొయ్యననీ అనడు. అప్పుడు, అంతవరకూ నేల చూపులు చూసిన పాస్టరుగారు మెట్టు దిగి వచ్చాడు. పెద్దాయన చేతిలోంచి సీసా తీసుకున్నాడు. తీసుకోవడంలో మూత దగ్గర నూనె పెద్దాయన వేళ్ళ మీద ఒలికింది. పాస్టరుగారు ఆమె అరచేతుల్లో నూనె పోసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన కళ్ళు తెరిచేసరికి ఆమె వెనక ఇంకొకామె చేతులు చాపి నిలబడి ఉంది. ఆమె వెనక ఇంకొకామె. మట్టలు బెంచీల మీద పెట్టి వస్తూనే ఉన్నారు. సీసా ఖాళీ అయ్యాకే వరస ఆగింది.

దీంతో అందరూ మారిపోయారని మీరనుకుంటే మీకింకా లోకం తెలియదు. గిటారు బాగుపడింది తన ప్రార్థన వల్లేనని పెద్దాయన ఆ తర్వాత వేరే ఊళ్ళో సాక్ష్యం చెప్పాడట. కీబోర్డూ స్పీకర్లూ ఇంకో కొట్టులో కొన్నారు. ఓనరు నాతో చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడాడు. ఆమెతో ఒక్కరంటే ఒక్కరు కూడా 'తప్పైందమ్మా' అని అనలేదు. నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. అన్యాయం చేసినవాళ్ళు మాట మార్చేసి ఎంత సుఖంగా నిద్రపోతారో తలుచుకుంటే రిటైరైన ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు.

కానీ ఆ రోజు ఇంకో సంగతి జరిగింది. కోపం వచ్చినప్పుడల్లా దాన్ని తలుచుకుంటాను.

సీసా ఖాళీ అయ్యాక పాట మొదలుపెట్టాలి. పెద్దాయన చివరి ఎత్తు వేశాడు. "ఇప్పుడు నూనె చేతులతో ఎట్టా వాయిస్తావు? నువ్వే పాడుచేస్తావిక. మా వాడికివ్వండి" అన్నాడు.

ముందు వరసలోంచి మేనల్లుడు, "నాకొద్దు మావయ్యా. మొన్న కళ్ళల్లో పడింది చాలు" అన్నాడు. చర్చి అంతా ఘొల్లుమంది.

ఆమె నవ్వలేదు. "చేతులు కడుక్కొనొస్తా, ఆగండి" అంది. తలుపు దాకా వెళ్ళి ఆగి, నా వైపు తిరిగింది. "బాబాయ్, గిటారు పెద్దయ్యగారికివ్వు. నేనొచ్చేదాకా ఆయన పట్టుకుంటారు."

ఇచ్చాను. ఆయన అందుకోక తప్పలేదు, అందరూ చూస్తున్నారు.

"పెద్దయ్యగారూ, మెడ మీద చెయ్యెయ్యకండి. మీ చేతులకి నూనుంది" అని చెప్పి బయట పంపు దగ్గరికి వెళ్ళింది.

ఆయన గిటారు అడుగున రెండు మణికట్లూ పెట్టి మోస్తూ, వేళ్ళు తగలకుండా దూరంగా పెట్టుకుని నిలబడ్డాడు. పాస్టరుగారు ఆగాడు. మట్టలు పట్టుకున్న పిల్లలు ఆగారు. తెరిచిన తలుపులోంచి పంపు కనిపిస్తోంది. ఆమె సబ్బు రుద్దుకుని, ఒక్కో వేలూ విడదీసి, గోళ్ళ సందులతో సహా నిదానంగా కడుక్కుంటోంది. ఎవరూ తొందరపెట్టలేదు.